నలభై ఒకటో పేజీ

"తలుపు తియ్యి చిన్నీ! నాకు టైమైపోతోంది!"

అన్నయ్య పావుగంట నుంచి సామాన్ల గది తలుపు బాదుతున్నాడు. వీధి గుమ్మం ముందు ఆఫీసు కారు ఆగి ఉంది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. మూడోసారి కొట్టడానికి మొహమాటపడి, కారు దిగి, ఎటూ చూడకుండా నిలబడ్డాడు.

లోపల పాత పరుపుల కట్ట మీద కూర్చుని చిన్ని ఆ ఫైలు చదువుతోంది. నలభై ఏళ్ళు నిండాయి. సైన్యం వాళ్ళ పరీక్షా మైదానంలో ఇరవైమంది ఇంజనీర్లు ఆమె మాట మీద నడుస్తారు. ఇంట్లో మాత్రం ఇంకా చిన్నే.

"ఇంకో పన్నెండు పేజీలున్నాయి," అంది లోపలినుంచి. "చదవనీ."

"అది నువ్వు చదవాల్సింది కాదు!"

"నా పేరు పెట్టి రాసిందాన్ని నేను చదవకూడదా? భలే రూలే!"

అన్నయ్య చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన, చేతిలో టీ కప్పుతో, భర్త మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

పొద్దున బల్ల తుడవబోతే చిన్నికి కనిపించింది ఆ ఫైలు. నీలం అట్ట మీద పెద్ద అక్షరాలతో 'రక్షణ వ్యవస్థల్లో కృత్రిమ మేధ: పదిహేనేళ్ళ పెట్టుబడి ప్రణాళిక' అని ఉంది. అన్నయ్య రెండేళ్ళుగా రాస్తున్నది అదే. ఈ రోజు పదకొండు గంటలకి పెద్ద కమిటీ ముందు పెట్టాల్సింది అదే. అట్ట తిరగేసి చూద్దామనుకుంది, అంతే. నలభై ఒకటో పేజీ దగ్గరికి వచ్చేసరికి తుడిచే గుడ్డ బల్ల మీదే వదిలేసి, ఫైలు చంకన పెట్టుకుని ఈ గదిలోకి వచ్చి గడియ పెట్టుకుంది.

ఇప్పుడు ఆ గడియ చప్పుడైంది.

చిన్ని బయటికి వచ్చింది. ఫైలు రెండు చేతులతో గుండెలకి అదుముకుని ఉంది. అన్నయ్య చెయ్యి చాచాడు. ఆమె అతన్ని దాటుకుని హాల్లోకి నడిచింది.

"ఇలా ఇవ్వు."

"ఇస్తాను. ముందు చెప్పు. నేనిచ్చిన రిపోర్టు ఎన్ని పేజీలు?"

"నీతో వాదించే తీరిక నాకు లేదు."

"నాలుగు పేజీలు. నాలుగో పేజీ కింద నా సంతకం. నీ ఫైల్లో నా నాలుగో పేజీ ఉంది, సంతకంతో సహా. దానికి ముందున్న మూడు పేజీలు ఏమయ్యాయి? వాటి చోట ఈ ఒక్క పేజీ ఎక్కడినుంచి వచ్చింది?"

హాలు మూల వాలుకుర్చీలో నాన్న పేపరు చదువుతున్నారు. ఇంట్లో గొంతులు లేస్తే చెవి మిషను తీసి జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. ఈసారి జేబు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"కుదించాను," అన్నాడు అన్నయ్య. "కమిటీ వాళ్ళు ప్రతి పరీక్ష వివరమూ చదవరు. మూడు పేజీలని ఒక పేజీ చేశాను. అందులో అబద్ధమేమీ లేదు."

"అవునా?" చిన్ని పేజీ తెరిచింది. "'కాపలా యంత్రం పరీక్షలు మొత్తం మీద సంతృప్తికరం. స్వల్ప సవరణలు అమలు దశలో చేపట్టవచ్చు.' ఇదేనా నా మూడు పేజీల సారం?"

"మొత్తం మీద అన్నాను కదా."

"మొత్తం మీద!" ఆమె ఫైలు అతని ముందుకి తిప్పింది. "గాయపడ్డవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకొచ్చే మనుషుల్ని పదకొండుసార్లు దాని ముందు నడిపించాం. తొమ్మిదిసార్లు శత్రువులంది. తొమ్మిదిసార్లు! నలుగురు వంగి నడుస్తూ, మధ్యలో పొడుగ్గా ఏదో పట్టుకొస్తున్నారు కాబట్టి తుపాకీ మోస్తున్నారనుకుని కాల్చింది. మైదానంలో రంగునీళ్ళ గుళ్ళు కాబట్టి మా కుర్రాళ్ళు చొక్కాలు ఉతుక్కుని ఊరుకున్నారు. అది స్వల్ప సవరణా?"

వదిన టీ కప్పు బల్ల మీద పెట్టింది. "చిన్నీ, కాస్త నెమ్మదిగా. బయట డ్రైవరున్నాడు."

"నువ్వు చదివావా వదినా ఇది?"

వదిన కప్పుని బల్ల మధ్యకి జరిపింది.

"చదివావా?"

"నేను... అచ్చుతప్పులు చూడమంటే చూశాను. అంతే."

"అచ్చుతప్పులు!" చిన్నికి నవ్వొచ్చింది. నవ్వులాంటిదేదో వచ్చింది. "దొరికాయా ఏమైనా?"

వదిన మొహం ఎర్రబడింది. అన్నయ్య బ్యాగు కుర్చీలో పడేశాడు. ఇంక నిలబడక తప్పదని అతనికి అర్థమైంది. నిలబడాలంటే అతనికి ఒకటే పద్ధతి తెలుసు, ఆఫీసులో కింది ఉద్యోగులకి చెప్పినట్టు వేళ్ళు మడిచి చెప్పడం.

"విను. ఇది ఒక యంత్రం గురించి కాదు. పదిహేనేళ్ళ సంగతి. మొదటి ఐదేళ్ళలో ఈ కాపలా యంత్రాలు, తర్వాత ఐదేళ్ళు ఓడలూ విమానాలూ, ఆ తర్వాత అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వ్యవస్థ. మనం ముందు ఆర్డర్ ఇస్తేనే కంపెనీలు మనుషుల్ని పెట్టి దీన్ని బాగుచేస్తాయి. పూర్తిగా బాగయ్యాక కొంటామంటే అది ఎప్పటికీ బాగవదు. అవతలివాడు మనకోసం ఆగుతాడా? ఈ కమిటీలో సగంమందికి ఇదంటేనే పడదు. నీ మూడు పేజీలు చూపిస్తే పదిహేనేళ్ళ పని ఈ రోజే అటకెక్కుతుంది."

"మరి పరీక్షల సంగతేంటి? నీ ప్రణాళికలో మా విభాగాన్ని పెంచేది ఎప్పుడు?"

అన్నయ్య వాచీ చూసుకున్నాడు.

"నేను చెప్పనా? ఏడో ఏడాది." చిన్ని ఫైలు మీద అరచేత్తో కొట్టింది. "కొనేది మొదటి ఏడాది. సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే మనుషుల్ని పెట్టేది ఏడో ఏడాది! మధ్యలో ఆరేళ్ళు ఎవరి ప్రాణాల మీద చూస్తారన్నయ్యా?"

"మాటకి ముందు ప్రాణాలంటావేంటి! మనిషి పర్యవేక్షణ ఉంటుందని స్పష్టంగా రాశాను. మనిషి లేకుండా అది కాల్చదు."

"నాలుగు సెకన్ల సంగతి రాశావా?"

"అది సాంకేతిక వివరం."

"సాంకేతిక వివరమా!" చిన్ని నాన్న వైపు తిరిగింది. "మీరు వినండి నాన్నా. అది ఎవర్నైనా చూసి శత్రువనుకుంటే గదిలో కూర్చున్న సిపాయికి గంట మోగుతుంది. అతను నాలుగు సెకన్లలో వద్దు అని నొక్కాలి. నొక్కకపోతే? సరే అన్నాడని అదే అనుకుని కాల్చేస్తుంది. అతను నిద్రపోయినా సరే అన్నట్టే. మంచినీళ్ళకి లేచినా సరే అన్నట్టే."

నాన్న పేపరు మడిచారు. ఆయన రైల్వేలో ముప్పై ఏళ్ళు సిగ్నల్ కేబిన్‌లో పనిచేసిన మనిషి. ఇంట్లో ఆయన గొంతు పెరిగిన సందర్భాలు పిల్లలిద్దరూ వేళ్ళ మీద లెక్కపెట్టగలరు.

"ఇందాకటి ముక్క మళ్ళీ చెప్పు," అన్నారు. "నొక్కకపోతే కాలుస్తుందా?"

"అవును నాన్నా."

ఆయన కొడుకు వైపు చూశారు. "మా కేబిన్లో తీగ తెగితే సిగ్నల్ దానంతటదే ఎర్రకి పడేది. తీగ తెగినా ఎర్రే, కరెంటు పోయినా ఎర్రే, నేను గుండాగి చచ్చినా ఎర్రే. బండి ఆగిపోయేది. నా తర్వాతివాడు వచ్చి చూసుకునేదాకా ఆగేది. చదువురాని మేస్త్రీలు పెట్టిన ఏర్పాటురా అది! నువ్వు ఇన్ని చదువులు చదివి, మనిషి చస్తే పచ్చజెండా ఊపే యంత్రానికి పదిహేనేళ్ళ ప్లాను గీశావా?"

"నాన్నా, రైలు వేరు, యుద్ధం వేరు. అక్కడ ఆగిపోతే అవతలివాడు..."

"నోర్ముయ్!"

ఆ మాటకి బయట డ్రైవరు కూడా ఇటు తిరిగాడు. నాన్న వాలుకుర్చీలోంచి లేవబోయారు. వదిన గబగబా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఆయన ఆమె చెయ్యి తోసేశారు.

బల్ల మీద టీ చల్లారిపోయి మీగడ కట్టింది.

"ఇలా రాయమని పైవాళ్ళు చెప్పారా?" చిన్ని ఈసారి గొంతు తగ్గించి అడిగింది. అవునంటే ఎంత బాగుండునని ఆ క్షణంలో ఆమెకి అనిపించింది.

"ఎవరూ చెప్పలేదు. చెప్పించుకోకుండా పని చేస్తాననే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు."

అన్నయ్య ఆ మాట సిగ్గుపడి అనలేదు. అదే ఆమెకి ఒళ్ళు మండించింది.

"అయితే నేనే వస్తాను కమిటీకి. ఆ మూడు పేజీలూ నేనే చదివి వినిపిస్తాను."

"వెళ్ళు!" అన్నయ్య బ్యాగు జిప్పు లాగి ఒక కాగితం తీశాడు. "వెళ్ళేముందు ఇది కూడా చదువు. చదివి, అక్కడ ఇది కూడా వినిపించు."

చేతిరాత ఆమెకి దూరం నుంచే తెలిసిపోయింది. పదహారేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి రాత. 'మా గుట్ట మీది పోస్టుకి కాపలా యంత్రాన్ని మొదటి విడతలోనే పంపవలసిందిగా కోరుతున్నాను.' కింద ఆయన సంతకం, సరిహద్దు పోస్టు కమాండరు ముద్ర.

"బావ అడిగాడు," అన్నాడు అన్నయ్య. "నేను ఎవరి మెడకీ దీన్ని కట్టలేదు. నీ మొగుడే అడిగాడు, నువ్వు నాలుగు పేజీలు రాయకముందే. నీతో చెప్పలేదా?"

చెప్పలేదు. వారానికి రెండుసార్లు ఫోన్లో చలి గురించీ, సాక్సుల గురించీ, వంటవాడి చేతి చారు గురించీ చెప్పిన మనిషి ఇది మాత్రం చెప్పలేదు.

చిన్ని బల్ల దగ్గరికి వెళ్ళి సైనిక ఎక్స్‌ఛేంజికి ఫోను కలిపింది. పరీక్షా విభాగం నుంచని చెప్పి పోస్టు నంబరు అడిగింది. లైను గరగరలాడుతూ రెండు చోట్ల ఆగి ఆగి కలిసింది. స్పీకర్ నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది.

"ఏంటి ఈ వేళప్పుడు? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" ఆయన గొంతు.

"బాగానే ఉన్నాం. మీరు కాపలా యంత్రం కావాలని ఉత్తరం రాశారా?"

అవతల గాలి చప్పుడు.

"మిమ్మల్నే!"

"రాశాను."

"నాతో ఒక్క మాట చెప్పకుండా?"

"చెబితే నువ్వు ఇలాగే అరుస్తావని చెప్పలేదు." ఆయన గొంతులో నవ్వు లేదు. "మూడు నెలల్లో ఇద్దరు కుర్రాళ్ళు పోయారు నాకు. ఉన్నవాళ్ళు రోజుకి పదహారు గంటలు కాపలా కాస్తున్నారు. నిలబడే నిద్రపోతున్నారు. అలా నిద్రపోయినప్పుడే పోయారు ఆ ఇద్దరూ. వాళ్ళ ఇళ్ళకి ఉత్తరాలు రాసింది నేను. నిద్రపోనిది ఒకటుందంటే అడిగాను. తప్పా?"

చిన్ని ఆ ఉత్తరం వైపు మళ్ళీ చూసింది. అన్నయ్య చేతులు కట్టుకుని, విన్నావా అన్నట్టు చూశాడు. ఆ చూపుకే ఆమెకి మళ్ళీ కోపం వచ్చింది.

"అడగడం తప్పు కాదు. నేను పరీక్షించినదాన్ని గురించి నన్ను అడక్కపోవడం తప్పు. దాన్ని మా మైదానంలో ఏమంటారో తెలుసా? కొత్తల్లుడు. ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు, మెత్తటి గుడ్డతో తుడవాలి, చేసేది మాత్రం సున్నా. ఇంకా రాలేదు కాబట్టి సరిపోయింది. ఈ రోజు కమిటీలో..."

"వచ్చిందిగా," అన్నాడాయన.

"ఏంటీ?"

"మొన్న వచ్చింది. కంపెనీ వాళ్ళు ముగ్గురు వచ్చి పశ్చిమం వైపు బిగించారు. నిన్న సాయంత్రం నుంచి నడుస్తోంది. అది వచ్చిందని ఆ పక్క కాపలావాళ్ళని ఆరుగురిని ఈ పొద్దున వేరే పోస్టుకి పంపించేశారు. ఏం, మీకు తెలీదా?"

చిన్ని తలెత్తి అన్నయ్య వైపు చూసింది. అతను కారు వైపు చూస్తున్నాడు.

"నీకు తెలుసు," అంది.

"అది ట్రయల్ కింద వెళ్ళింది. ప్రణాళికతో దానికి సంబంధం లేదు."

"కమిటీ ఒప్పుకోకముందే?"

"ట్రయల్‌కి కమిటీ ఒప్పుకోవాల్సిన పని లేదు."

"నా పరీక్ష నెగ్గనిదాన్ని ఏ కాగితం చూపించి పంపారు?"

ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. ఆ నలభై ఒకటో పేజీ ఆమె చేతిలోని ఫైల్లోనే ఉంది.

"ఏమైంది? లైన్లో ఇవన్నీ మాట్లాడకూడదు," అంటున్నాడు భర్త. "ఇంతకీ దాంట్లో తేడా ఏంటి? మనిషి ఊఁ అంటేనే కాలుస్తుందని చెప్పారు మాకు."

"ఊఁ అనక్కర్లేదు. ఊహూఁ అనకపోతే చాలు. నాలుగు సెకన్లే టైము." తర్వాత స్ట్రెచర్ల సంగతి చెప్పింది. పదకొండుకి తొమ్మిది అని చెప్పింది. తన గొంతు మైదానంలో రిపోర్టు చదివేటప్పటి గొంతులా పొడిగా ఉండటం ఆమెకే వినిపించింది.

లైను పోయిందేమోనని వదిన ఫోను మీదకి వంగింది.

"మనవాళ్ళని మోసుకొచ్చే దారి ఆ పశ్చిమం వైపే," అన్నాడు చివరికి. "సరే. తీగ పీకేయిస్తున్నాను. కానీ విను. బిగించినదాన్ని ఆపడానికి నాకు అధికారం లేదు. సాయంత్రం ఆరు గంటలకి పైకి రిపోర్టు వెళ్ళాలి. అప్పటికి ఆపమని నా చేతికి కాగితం రాకపోతే, కాపలా ఎత్తేశానని నన్ను విచారణకి నిలబెడతారు. అది పడతాను. పడలేనిది ఇంకోటుంది. ఆరుగురూ వెళ్ళిపోయారు, ఇది ఆగిపోతుంది. చీకటి పడితే ఆ పక్క నాకు ఖాళీ. నా మనుషుల్ని నాకు తిప్పి పంపాలి. కాగితం పంపు. ఎవరి చేతనైనా సరే సంతకం పెట్టించి పంపు."

"పంపిస్తాను."

"ఉత్తరం రాసినందుకు కోప్పడితే తర్వాత కోప్పడు."

"కోప్పడతాను," అంది. లైను తెగిపోయింది.

అన్నయ్య కుర్చీలో కూలబడి ఉన్నాడు. చిన్ని చెప్పులు వేసుకుంది. "పద. నీ కారులోనే వస్తాను."

"నిన్ను లోపలికి రానివ్వరు. జాబితాలో నీ పేరు లేదు."

"ఫైలు నా దగ్గరుంది. ఇది లేకుండా నువ్వు మాత్రం లోపలికి వెళ్ళి ఏం చేస్తావు, పాట పాడతావా?"

కారులో ఇద్దరూ చెరో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు రేడియో పెట్టబోయి మానేశాడు. రెండో కూడలి దగ్గర అన్నయ్య, "ఒక పని చేద్దాం," అన్నాడు. "నేను మధ్యాహ్నం విడిగా ఫోన్లు చేస్తాను. బావకి కాగితం తెప్పిస్తాను. ఆయన మనుషుల్ని తిప్పి పంపిస్తాను. ప్రణాళిక జోలికి మాత్రం వెళ్ళకు."

ఒక్క క్షణం ఆమెకి ఆశ పుట్టింది. కావాల్సింది ఆ కాగితమే.

"మొత్తం ఎన్ని పోస్టులకి వెళ్ళింది ఆ ట్రయల్?" అని అడిగింది.

అన్నయ్య మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"అడుగుతున్నాను. ఎన్ని?"

"పదమూడు."

పదమూడు పోస్టుల్లో పన్నెండింటికి ఈ సంగతి తెలిసి ఫోన్ చేసే భార్యలు లేరు.

కమిటీ గది తలుపు దగ్గర బంట్రోతు జాబితా చూసి చిన్నికి అడ్డం నిలబడ్డాడు. ఆమె నీలం ఫైలు చూపించింది. అతను ఫైలునీ, అన్నయ్యనీ చూసి పక్కకి తప్పుకున్నాడు.

పొడుగు బల్ల చుట్టూ తొమ్మిదిమంది. ఏసీ చల్లదనం, ప్రతి మనిషి ముందూ మూతపెట్టిన గ్లాసు. చివర ఒక చిన్న మేజా దగ్గర స్టెనో మీటల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు ఉన్న పెద్దావిడ అధ్యక్షురాలు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

"ఈవిడెవరు?"

ఒక్క మాట చాలు. ఇంజనీరని చెప్తే చాలు. చిన్ని అన్నయ్య వైపు చూసింది.

"మా చెల్లెలండీ," అన్నాడతను, నవ్వుమొహం పెట్టి. "వాళ్ళాయన సరిహద్దు పోస్టులో ఉన్నాడు. పొద్దున్నే ఫోనొచ్చింది, కాస్త కంగారుపడుతోంది. బయట కూర్చోబెట్టి వస్తాను."

బల్ల చుట్టూ మొహాలు మెత్తబడ్డాయి. ఒకాయన అయ్యో అన్నాడు. ఇంకొకాయన తన ముందున్న గ్లాసు మూత తీసి ఆమె వైపు జరిపాడు. అన్నయ్య చెయ్యి ఆమె మోచెయ్యి మీద పడింది, చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే.

చిన్ని ఆ చెయ్యి విదిలించి కొట్టింది. చప్పుడు గదంతా వినిపించింది.

"నాకు మంచినీళ్ళు అక్కర్లేదు. నేను ఈయన చెల్లెల్ని ఇంట్లో. ఇక్కడ కాపలా యంత్రాన్ని పరీక్షించిన ఇంజనీరుని. మీ ముందున్న ప్రతుల్లో నలభై ఒకటో పేజీ తియ్యండి. దాని తర్వాతి పేజీ కింద సంతకం నాది."

పేజీలు తిరిగిన చప్పుడు. అధ్యక్షురాలు తీరిగ్గా చూసింది.

"సంతకం మీదే అంటున్నారు. పరీక్షలు సంతృప్తికరమని పైన ఉంది. ఇంక వివాదమేముంది?"

"సంతకం నాదే. దాని ముందున్న నలభై ఒకటో పేజీ నాది కాదు. నేను రాసిన మూడు పేజీలు తీసేసి ఇది పెట్టారు. దీన్ని చూపించే పదమూడు పోస్టుల్లో యంత్రాలు బిగించారు, మీరింకా ఒప్పుకోకముందే."

ఒకాయన కుర్చీ వెనక్కి జరిగింది. ఎవరో, పదమూడా, అన్నారు.

"ఈ పేజీ ఎవరు రాశారు?" అధ్యక్షురాలు అడిగింది. "చూసి మాట్లాడండి. మీరంటున్నది చిన్న మాట కాదు."

అది చిన్న మాట కాదని చిన్నికి తెలుసు. అన్నయ్యకి ఉద్యోగంతో పోయేది కాదు. వదిన గుర్తొచ్చింది. వాలుకుర్చీలోంచి లేవబోయిన నాన్న గుర్తొచ్చారు. ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వు చెప్తావా?" అంది, అతనికి మాత్రమే వినబడేలా.

అన్నయ్య ముందున్న కాగితాలు సర్దుతున్నాడు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నాడు.

"మా అన్నయ్య," అంది చిన్ని గట్టిగా.

స్టెనో వేళ్ళు కదిలాయి.

"రాయడం ఆపండి," అంది అధ్యక్షురాలు. "ఇది కుటుంబ వ్యవహారంలా ఉంది. మినిట్స్‌లో అక్కర్లేదు."

"ఆపకండి!" చిన్ని రెండు అడుగుల్లో స్టెనో మేజా దగ్గరికి వెళ్ళింది. కోపంతో ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "రాయండి. నా పేరు, హోదా రాయండి. పదకొండుసార్లు నడిపిస్తే తొమ్మిదిసార్లు మనవాళ్ళని కాల్చిందని రాయండి. నాలుగు సెకన్లని రాయండి. పదమూడు పోస్టులని రాయండి. సాయంత్రం ఆరు గంటల్లోగా వాటిని ఆపమని నాకు కాగితం కావాలి."

"నేను ఆపమన్నాను," అంది అధ్యక్షురాలు, గొంతు పెంచకుండా.

స్టెనో ఆవిడ వైపు చూశాడు. చిన్ని వైపు చూశాడు. అతను మరో అక్షరం కొట్టలేదు. మీటల మీదినుంచి వేళ్ళు తియ్యనూ లేదు.